ఉస్మానియా మైదానం నుంచి మెల్బోర్న్ దాకా: ఒక స్కూల్ ఉస్తాద్ తారీఖ్



మన ఇళ్ళల్లో అసర్ నమాజ్ అయ్యాక పిల్లాడు బాల్ చంకన పెట్టుకుని బయటికి పోతుంటే బుజుర్గులు ఒక మాట అంటారు. చదివినోడు నవాబ్ అవుతాడు, ఆడినోడు ఖరాబ్ అవుతాడు అని. పాకాలలో విన్నా, మదనపల్లెలో విన్నా, హైదరాబాద్ పాతబస్తీలో విన్నా ఇదే మాట. ఉర్దూలో ప్రాస బాగా కుదిరింది కాబట్టి అది నాలుకల మీద నిలిచిపోయింది. కానీ ప్రాస కుదిరిన ప్రతి మాటా సచ్ కాదు. ఈ మాట ఎంత ఝూఠో చెప్పడానికి మన కౌమ్ తారీఖ్‌లోనే ఒక గవాహీ ఉంది. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

2024లో రంజాన్ ఈద్‌కి ‘మైదాన్’ అని ఒక హిందీ సినిమా వచ్చింది. అజయ్ దేవగన్ రహీం సాబ్‌గా కనిపించాడు. చాలామంది ఇళ్ళల్లో ఆ పేరు వినడం అదే మొదటిసారి. సినిమా చూసినవాళ్ళకు ఇండియా టీం కోచ్ తెలుస్తాడు, జకార్తా గోల్డ్ మెడల్ తెలుస్తుంది. ఆ కోచ్ ఎక్కడ తయారయ్యాడన్నది తెలుసుకోవాలంటే ఇంకా వెనక్కి పోవాలి. ఆయన ఒక యూనివర్సిటీ టీంలో ఆడిన స్టూడెంట్. డిగ్రీ చేసిన మనిషి. స్కూల్లో పాఠాలు చెప్పిన ఉస్తాద్. అంటే చదివినోడూ ఆయనే, ఆడినోడూ ఆయనే. ఈ రెండూ కలిసినందుకే ఆయన రహీం సాబ్ అయ్యారని నా ఖయాల్.

తాలీమ్‌లో ఖేల్ ఎలా చేరింది

ముందు అలీగఢ్ సంగతి. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1869లో ఇంగ్లాండ్ పోయి అక్కడి కేంబ్రిడ్జ్ యూనివర్సిటీని కళ్ళారా చూసి వచ్చారు. 1875లో అలీగఢ్‌లో మద్రసా మొదలుపెట్టారు. అదే తరువాత కాలేజీ అయింది, 1920లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ అయింది. అక్కడ పిల్లలు బోర్డింగ్‌లో ఉండాలి. క్లాస్ ఉంటుంది, నమాజ్ ఉంటుంది, సాయంత్రం మైదాన్ కూడా ఉంటుంది. క్రికెట్, హాకీ, గుర్రపు స్వారీ అన్నీ తాలీమ్‌లో హిస్సాలే. ఖిలాఫత్ తహ్రీక్‌లో గాంధీజీ పక్కన నిలబడిన మౌలానా షౌకత్ అలీ ఆ కాలేజీ క్రికెట్ టీంకి కెప్టెన్‌గా చేసిన మనిషి. ఆట ఆయన్ని ఖరాబ్ చేయలేదు.

ఆ అలీగఢ్ గాలి హైదరాబాద్‌కి ఎలా వచ్చిందో చూడండి. సర్ సయ్యద్ మనవడు రాస్ మసూద్ 1916లో నిజాం రాజ్యానికి తాలీమాత్ డైరెక్టర్‌గా వచ్చారు. పన్నెండేళ్ళు అక్కడే ఖిద్మత్ చేశారు. అక్బర్ హైదరీ పంపిన తజ్వీజ్ మీద 1917లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా ఇచ్చారు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పుట్టింది. సైన్స్, లా, డాక్టరీ, అన్నీ ఉర్దూలోనే. దేశీ జుబాన్‌లో పై చదువులు చెప్పిన మొదటి యూనివర్సిటీ ఇదే. పుస్తకాలు లేకపోతే దారుల్ తర్జుమా అని ఒక మహకమా పెట్టి తర్జుమా చేయించారు. తెలుగు కూడా అక్కడ ఒక సబ్జెక్ట్. రాయప్రోలు సుబ్బారావు గారు తెలుగు ఉస్తాద్.

మనవైపు సంగతి వేరు. పాకాల, చిత్తూరు అప్పట్లో మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉండేవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మనం ఉత్తర ఆర్కాటు వాళ్ళం. తాలీమ్ అంటే మన బుజుర్గులు వేలూరు, వాణియంబాడి, మద్రాస్ దిక్కు చూసేవాళ్ళు. ఉస్మానియాలో మొదటి క్లాసులు మొదలైన 1919లోనే వాణియంబాడిలో ఇస్లామియా కాలేజీ కూడా మొదలైంది. రాయలసీమలో మనకంటూ ఒక కాలేజీ కావాలని డాక్టర్ అబ్దుల్ హక్ సాబ్ కర్నూలులో పట్టుబట్టి పెట్టింది 1947లో. దాని పేరు కూడా ఉస్మానియా కాలేజీయే. అందుకే ఉస్మానియా అన్న పేరు మన సీమ ముసల్మాన్లకు పరాయిది కాదు.

మూసీ గట్టు పిల్లవాడు

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అంతకు ముందు ఏడాది, 1908 సెప్టెంబర్‌లో, మూసీకి తుఫాన్ వచ్చి షహర్‌ని ముంచేసింది. వేలమంది చనిపోయారు. ఆ తరువాత నిజాం సర్కార్ షహర్‌ని కొత్తగా కట్టడం మొదలుపెట్టింది. మూసీ గట్టు మీద ఇప్పుడు మనం చూసే హైకోర్టు, ఉస్మానియా దవాఖానా, సిటీ కాలేజీ ఆ దౌర్‌లో లేచినవే. రహీం సాబ్ బచ్‌పన్ అంతా అలా కడుతున్న షహర్‌లో గడిచింది.

సిటీ కాలేజీ చదువుకీ బాల్‌కీ రెండింటికీ అడ్డా. ఆ కాలేజీలో చదువుతున్న కుర్రాళ్ళు, చదివి బయటికి వచ్చిన కుర్రాళ్ళు కలిసి ‘ఇలెవన్ హంటర్స్’ అని ఒక టీం కట్టుకున్నారు. రహీం సాబ్ అందులో ఆడారు. 1920ల చివర్లో ఉస్మానియా యూనివర్సిటీ టీంలోకి వచ్చి అక్కడ మంచి ఆటగాళ్ళలో ఒకడిగా పేరు తెచ్చుకున్నారు. తరువాత షహర్ లీగ్‌లో పేరున్న ఖమర్ క్లబ్‌కి ఆడారు.

ఈ స్టూడెంట్ టీంలను తక్కువగా చూడొద్దు. వీటికి డబ్బు లేదు, నవాబుల వెనకదన్ను లేదు. ఉన్నదల్లా ఒక మైదాన్, ఒక బాల్, ఒక క్లాస్‌లో కూర్చుని చదివిన దోస్తీ. ఆ కుర్రాళ్ళు ఒకళ్ళ ఆట ఒకళ్ళు చూసి నేర్చుకున్నారు. పుస్తకం చదవడం తెలిసిన పిల్లాడు ఆటను కూడా చదవగలడు. బాల్ ఎందుకు అటు పోయింది, ఆ ఖాళీ ఎలా వచ్చింది, ఇంకోడు అక్కడ నిలబడి ఉంటే ఏమయ్యేది అని సవాల్ వేసుకుంటాడు. రహీం సాబ్‌కి ఆ ఆదత్ యూనివర్సిటీ రోజుల్లోనే పడిందనిపిస్తుంది. ఎందుకంటే ఆ తరువాత ఆయన జిందగీ మొత్తం ఆ సవాళ్ళకు జవాబులు వెతకడంలోనే గడిచింది.

బి.ఏ. పూర్తిచేసి ఆయన ఉస్తాద్ అయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్, ఇలా స్కూళ్ళు మారుతూ పాఠాలు చెప్పారు. మధ్యలో ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేసి స్కూల్ ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కి సెక్రటరీగా ఎన్నికయ్యారు. చివరి శ్వాస దాకా ఆ కుర్చీ ఆయనదే.

1948 తరువాత ఒక ఖాకీ టీం

ఇక్కడ కొంచెం ఆగి ఆ రోజుల హాలత్ గుర్తు చేసుకోవాలి.

1948 సెప్టెంబర్ 13న భారత ఫౌజ్ హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. దాన్ని ‘పోలీస్ యాక్షన్’ అన్నారు. ఆ తరువాతి నెలల్లో మరాఠ్వాడా, బీదర్ వైపు ముసల్మాన్ల మీద ఏం జరిగిందో సుందర్‌లాల్ కమిటీ రిపోర్టులో ఉంది. ఆ రిపోర్టు ఏళ్ళ తరబడి బయటికి రాలేదు. షహర్‌లో ఎన్నో ఖాందాన్లు నౌకరీలు పోగొట్టుకున్నాయి. కొందరు కరాచీ దారి పట్టారు. ఉస్మానియాలో ఉర్దూ మీడియం పోయి ఇంగ్లీష్ వచ్చింది. నిన్నటిదాకా ఫఖర్‌గా చెప్పుకున్న ఉర్దూ డిగ్రీ ఒక్కసారిగా బరువైపోయింది. ముసల్మాన్ తల దించుకుని నడవాల్సిన రోజులవి.

సరిగ్గా రెండేళ్ళకు, 1950లో, హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీంకి రహీం సాబ్ కోచ్ అయ్యారు.

పోలీస్ టీం ఎందుకంటే, ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడితే తనఖా ఎవరిచ్చేవారు? క్లబ్‌లు ఇవ్వలేవు. గరీబ్ ఇంటి పిల్లాడు ఆడాలంటే ముందు ఇంట్లో పొయ్యి వెలగాలి. పోలీస్ మహకమా ఆటగాళ్ళను నౌకరీలోకి తీసుకునేది. జీతం ఖాయం, పొద్దున సాయంత్రం ఆట. రైల్వే వాళ్ళూ ఇదే పని చేశారు. పాకాల జంక్షన్ చుట్టూ ఉన్న రైల్వే ఖాందాన్లకు ఇది విడమర్చి చెప్పనక్కరలేదు. కలకత్తాలో ఈస్టర్న్ రైల్వే టీం 1958లో అక్కడి పెద్ద క్లబ్‌లన్నిటినీ దాటి లీగ్ గెలిచింది. సర్కారీ నౌకరీ, ఆట కలిసి నడిచిన దౌర్ అది.

రహీం సాబ్ పగ్గాలు తీసుకున్న 1950లోనే పోలీస్ టీం బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అదే సీజన్‌లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించింది. డ్యూరాండ్ 1888లో మొదలైన టోర్నమెంట్. రోవర్స్ 1891లో. రెండూ మొదట అంగ్రేజ్ ఫౌజీల కోసం పెట్టినవి. వాటి తారీఖ్‌లో మన కౌమ్ పేరు ముందు నుంచీ ఉంది. పాకాలకు దగ్గరలోని బెంగళూరు నుంచి ‘బెంగళూర్ ముస్లిమ్స్’ టీం పోయి 1937లో రోవర్స్ కప్ గెలిచింది. 1940లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ డ్యూరాండ్ గెలిచింది. ఒక హిందుస్తానీ టీం డ్యూరాండ్ అందుకోవడం అదే మొదటిసారి. ఆ విరాసత్‌ని హైదరాబాద్ టీం ఇంకో మెట్టు ఎక్కించింది. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ హైదరాబాద్‌దే. డ్యూరాండ్ 1954లో ఒకసారి, 1957లో ఇంకోసారి. అప్పటిదాకా ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునేవాళ్ళు. ఈ టీం వచ్చాక హైదరాబాద్ అనడం కూడా మొదలుపెట్టారు.

ఆ ఖాకీ టీంలో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫిఖారుద్దీన్ లాంటి పాతబస్తీ, పరిసరాల పిల్లలు ఉన్నారు. వాళ్ళతో పాటు సుసై, ప్యాట్రిక్ లాంటి ఈసాయీ పిల్లలూ ఉన్నారు. 1948 గాయం ఇంకా పచ్చిగా ఉన్న షహర్‌లో వీళ్ళంతా ఒకే జెర్సీ తొడుక్కుని, ఒకే దక్కనీలో అరుచుకుంటూ, ఒకళ్ళకు ఒకళ్ళు బాల్ అందించుకున్నారు. తఖ్రీర్లు చేయలేని పని ఇది. ఆ రోజుల్లో హైదరాబాదీ ముసల్మాన్ ఢిల్లీలో, బొంబాయిలో తల ఎత్తుకుని నిలబడిన జాగా ఏదైనా ఉందంటే అది ఫుట్‌బాల్ మైదాన్.

స్కూల్ ఉస్తాద్ పద్ధతి

రహీం సాబ్ తరీఖా గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు సబఖ్ అక్కడే ఉంది.

అప్పట్లో మన దేశంలో ఫుట్‌బాల్ అంటే డ్రిబ్లింగ్. బాల్ కాళ్ళకు అతికించుకుని ముగ్గుర్ని తప్పించినోడే హీరో. చూడ్డానికి మజా, గెలవడానికి నుక్సాన్. రహీం సాబ్ దీనికి ఒక ఇలాజ్ కనిపెట్టారు. డ్రిబ్లింగ్ చేయకూడదని షరత్ పెట్టి టోర్నమెంట్లు నడిపారు. బాల్ వచ్చిందంటే ఒకటి రెండు తాకిళ్ళలో పక్కవాడికి ఇచ్చేయాలి. ఇవ్వాలంటే పక్కవాడు ఎక్కడున్నాడో ముందే తల ఎత్తి చూసి ఉండాలి. అలా చూపు పెరిగింది, ఒకరి మీద ఒకరికి భరోసా పెరిగింది.

ఇంకోటి, బలహీనమైన కాలితోనే ఆడాలని పోటీలు పెట్టారు. కుడి కాలి వాడు ఎడమ కాలితో, ఎడమ కాలి వాడు కుడి కాలితో. మొదట అందరూ నవ్వుకుని ఉంటారు. కానీ మన స్కూళ్ళలో మంచి ఉస్తాద్ ఏం చేస్తారు? లెక్కల్లో వెనకబడిన పిల్లాడి చేత లెక్కలే ఎక్కువ చేయిస్తారు. రహీం సాబ్ ఆ క్లాస్‌రూం అఖల్‌ని మైదాన్‌లోకి తెచ్చారు. పేరున్న ఆటగాడు కోచ్ అయితే నేను ఆడినట్టు ఆడు అంటాడు. ఉస్తాద్ అలా అనడు. నీకు రానిది ఏంటో చూసి దాని నుంచి మొదలుపెడతాడు.

టీం నిలబడే వరసను కూడా ఆయన మార్చారు. దేశమంతా పాత అంగ్రేజీ పద్ధతిలో ఇద్దర్ని వెనక, ముగ్గుర్ని మధ్యన, అయిదుగుర్ని ముందు పెట్టి ఆడుతుంటే, ఆయన బయటి దేశాల ఆట తీరు గమనించి ముందు వరస మధ్యలోని వాణ్ణి కొంచెం వెనక్కి లాగి ఆడించారు. తరువాత నలుగురు, ఇద్దరు, నలుగురు అనే కొత్త తర్తీబ్‌కి ఇండియా టీంని అలవాటు చేశారు.

ఆయన షాగిర్ద్‌లను ఎలా చూసుకున్నారో చెప్పడానికి ఒక్క పేరు చాలు. తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ అనే పల్లె పిల్లాడు. గరీబ్ తమిళ కుటుంబం. రహీం సాబ్ అతని ఆట చూసి ప్రాక్టీస్‌కి రమ్మన్నారు. అంత దూరం రోజూ రావడానికి పైసల్లేవని పిల్లాడు చెప్తే, ఉస్తాదే సైకిల్‌కి ఇంతెజామ్ చేశారని బలరాం తరువాత చెప్పుకున్నారు. ఆ సైకిల్ మీద వచ్చిన పిల్లాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు. 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. ఉస్తాద్ సయ్యద్, షాగిర్ద్ బలరాం. మజహబ్ అడ్డు రాలేదు, జుబాన్ అడ్డు రాలేదు. 2023 ఫిబ్రవరిలో బలరాం చనిపోయారు.

ఓటమి నుంచి మెల్బోర్న్ దాకా

రహీం సాబ్ చేతుల్లో ఇండియా టీం 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్‌ని ఒక్క గోల్‌తో ఓడించి గోల్డ్ గెలిచింది. కానీ మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా 10-1తో చిత్తు చేసింది. మనవాళ్ళు చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. చలి, తడి నేల, బూట్లతో ఉన్న ఎదుటివాళ్ళు. ఆ ఓటమి తరువాతే ఫుట్‌బాల్ ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. అంత పెద్ద ఓటమి తరువాత ఇంకోడైతే ఇల్లు పట్టుకునేవాడు. రహీం సాబ్ సబర్‌తో మళ్ళీ అలిఫ్, బే నుంచి మొదలుపెట్టారు.

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ తారీఖు నుంచి 2014 దాకా చిత్తూరు జిల్లా, హైదరాబాద్ ఒకే రాష్ట్రంలో ఉండేవి. నిన్నటిదాకా వేరే రియాసత్ మనిషైన రహీం సాబ్, పాకాల వాళ్ళకు కూడా సొంత రాష్ట్రం మనిషి అయ్యారు. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబర్ 1న, మెల్బోర్న్‌లో ఇండియా ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాని 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒక ఏషియా దేశం సెమీ ఫైనల్ చేరడం అదే మొదటిసారి. సెమీస్‌లో మళ్ళీ యుగోస్లావియాయే ఎదురైంది. ఈసారి 4-1. ఓటమే, కానీ నాలుగేళ్ళ కిందటి ఓటమి కాదు. బ్రాంజ్ మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో ఓడి ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది. ఆ టీంలో హైదరాబాద్ మైదానాల్లో పెరిగిన అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫిఖారుద్దీన్, బలరాం, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఉన్నారు. నెల రోజుల వయసున్న రాష్ట్రం దునియాకి ఇచ్చిన మొదటి తోహ్ఫా అది. మన స్కూల్ పుస్తకాల్లో మాత్రం ఆ సంగతి లేదు.

దేశంలోపల కూడా అదే జోరు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ వరసగా రెండు సీజన్లు, 1956-57లోనూ 1957-58లోనూ గెలిచింది.

జకార్తా, ఆ తరువాత

1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ నాటికి రహీం సాబ్ సెహత్ పాడైపోయింది. ఊపిరితిత్తుల కేన్సర్. మొదటి మ్యాచ్‌లో సౌత్ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరువాత థాయిలాండ్, జపాన్‌ల మీద గెలుపు, సెమీస్‌లో సౌత్ వియత్నాం మీద 3-2. ఆటల బయట ఇంకో ముసీబత్ వచ్చింది. ఇస్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదన్న విషయంలో ఇండియా ప్రతినిధి జి.డి. సోంధీ మాట్లాడిన మాటలకు ఇండోనేషియా జనం మండిపడ్డారు. ఫైనల్ రోజున స్టేడియం మొత్తం మన టీంకి వ్యతిరేకంగా అరిచింది. తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ని రహీం సాబ్ ముందు వరసలో ఆడించారు. జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌ని గోల్‌లో నిలబెట్టారు. ఫైనల్ ముందు రాత్రి ఉస్తాద్ తమని ఒక తోహ్ఫా అడిగారని, అది గోల్డ్ మెడల్ అని, ఆ ఆటగాళ్ళు ముసలితనంలో కూడా కళ్ళు తుడుచుకుంటూ చెప్పేవాళ్ళు. సెప్టెంబర్ 4న పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. 2-1. మొదటి మ్యాచ్‌లో ఓడించిన సౌత్ కొరియానే చివరి మ్యాచ్‌లో ఓడించి గోల్డ్ తెచ్చారు. హైదరాబాద్ పిల్లలు తంగరాజ్, యూసుఫ్ ఖాన్, బలరాం ఆ పదకొండు మందిలో ఉన్నారు.

తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్ 11న, రహీం సాబ్ ఇంతెఖాల్ అయ్యారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. వయసు 53. ఆ తరువాత ఇండియా ఫుట్‌బాల్ టీం ఏషియన్ గేమ్స్ గోల్డ్ మళ్ళీ చూడలేదు. 1960 రోమ్ తరువాత ఒలింపిక్స్‌కీ మళ్ళీ పోలేదు.

ఆయన వేసిన విత్తనాలు మాత్రం కొన్నాళ్ళు కాశాయి. ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 ఒలింపిక్ టీంలో ఉన్నారు, తరువాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు, కోచ్ అయ్యారు. 2021లో చనిపోయారు. సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్‌గా ఇండియా 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో బ్రాంజ్ తెచ్చింది. ఆటగాడిగా అర్జున, కోచ్‌గా ద్రోణాచార్య రెండూ అందుకున్న మనిషి ఆయన. మహమ్మద్ హబీబ్ 1977లో కలకత్తాలో పేలే ఆడిన కాస్మోస్ టీం మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టారు. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే కన్ను మూశారు.

తరువాత ఎందుకు ఎండిపోయింది? దీనికి చాలా వజహ్‌లు చెబుతారు. మంచి ఆటగాళ్ళను కలకత్తా క్లబ్‌లు తీసుకుపోయాయి. ఆటగాళ్ళకు ఇచ్చే నౌకరీలు తగ్గాయి. 1983 ప్రపంచ కప్ తరువాత పిల్లలంతా క్రికెట్ బ్యాట్ పట్టారు. ఆడుకునే ఖాళీ జాగాల్లో ఇళ్ళు లేచాయి. ఇవన్నీ సచ్ మాటలే. కానీ అన్నిటికంటే పెద్ద వజహ్ నాకు ఇంకోటి కనిపిస్తుంది. కలకత్తాలో ఒక ఉస్తాద్ పోయినా క్లబ్ నిలబడింది, ఇంకో ఉస్తాద్ వచ్చాడు. హైదరాబాద్‌లో ఉస్తాద్ పోయాడు, ఆయన జాగాలో కూర్చునే ఇదారా లేదు. కోచ్‌లను తయారుచేసే మద్రసా ఒకటి ఆయన పేరు మీద లేచి ఉంటే కథ వేరేగా ఉండేదేమో. ఆయన బతికి ఉండగా సర్కార్ ఆయనకు పెద్ద ఏజాజ్ ఏదీ ఇవ్వలేదు. సర్కార్‌ని మాత్రమే అని లాభం లేదు. ఆయన్ని యాద్ పెట్టుకునే పని కౌమ్‌ది కూడా.

మన చేతిలో ఉన్న అమానత్

మన జల్సాల్లో తారీఖ్ అంటే నవాబుల మాట, కోటల మాట, పోయిన రాజ్యాల మాట వస్తుంది. అవి చెప్పుకుంటే కాసేపు ఛాతీ ఉప్పొంగుతుంది. కానీ నవాబ్ అవ్వడం మన పిల్లల నసీబ్‌లో లేదు, అవసరమూ లేదు. రహీం సాబ్ లాంటి మనిషి తారీఖ్ చెబితే పిల్లాడికి ఒక దారి కనిపిస్తుంది. ఒక మామూలు ఉర్దూ మీడియం కుర్రాడు కాలేజీలో ఆడుకుంటూ చదువుకుని, ఉస్తాద్ నౌకరీ చేసుకుంటూ, ఒక షహర్‌నీ ఒక దేశాన్నీ నిలబెట్టాడు. ఇది జరిగిన సంగతి. మన పిల్లలకు ఇందులో అందనిది ఏమీ లేదు.

ఆట ఆడమని చదువు మాన్పించమని నేను అనడం లేదు. వాలిదైన్ భయం నాకు తెలుసు. చదువు పోతే జిందగీ పోతుందన్న భయం అది. గరీబ్ కౌమ్‌కి ఆ భయం సహీ. అందుకే రహీం సాబ్ మిసాల్ మనకు పనికొస్తుంది. ఆయన ఒకటి కోసం ఇంకోటి వదల్లేదు. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో బాక్సింగ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆమె వెనక అబ్బా నిలబడ్డాడు కాబట్టి అయింది. పదిమంది నోటికి జడిసి ఉంటే ఆ బిడ్డ గ్లవ్స్ ఇంట్లోనే ఉండేవి.

మన ఊళ్ళలో చేయగలిగిన పనులు ఉన్నాయి. పిల్లల్ని స్కూల్లో చేర్చేటప్పుడు ఫీజు అడుగుతాం, ర్యాంకులు అడుగుతాం. అక్కడ మైదాన్ ఉందా, పి.ఇ.టి. సార్ ఉన్నారా అని కూడా అడగండి. మన కమిటీలు పదో తరగతి టాపర్లకు ఇనామ్ ఇస్తాయి. అదే జల్సాలో జిల్లా టీంకి ఎంపికైన పిల్లాడికీ పిల్లకీ ఒక షాలువా కప్పండి. మన ఇళ్ళల్లో బి.పి.ఎడ్. చదువుతానన్న బిడ్డని, అదేం చదువు అని వెక్కిరించకండి. సయ్యద్ అబ్దుల్ రహీం చేతిలో ఉన్నది సరిగ్గా ఆ చదువే.

ఆ ప్రాస మాటను కూడా మన ఇళ్ళల్లో ఇక ఆపేద్దాం. చదువుతూ ఆడినోడు ఏమవుతాడని పిల్లలు అడిగితే, మెల్బోర్న్, జకార్తా అని రెండు ఊళ్ళ పేర్లు చెప్పండి.

అల్లాహ్ మర్హూమ్ రహీం సాబ్‌ని మగ్ఫిరత్ చేయుగాక. మన పిల్లలకు ఇల్మ్‌నీ సెహత్‌నీ రెండింటినీ అతా చేయుగాక. ఆమీన్.